చిటికెన వేలు ఎత్తిన పిల్లకి ఏం జవాబు చెబుతున్నాం?

(విశాఖపట్నం గోపాలపట్నంలో ఒక కాలనీ కమ్యూనిటీ హాలు. ఆదివారం ఉదయం తల్లిదండ్రులు, టీచర్లు కలిసి కూర్చున్నారు. ముప్పై ఏళ్ళకు పైగా బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన ఒక టీచర్ చేసిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. సెలవు రోజు, పైగా ఈ ఉక్కపోత. అయినా ఇంతమంది వచ్చారు. వెనక నిలబడినవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ ఫ్యాను గాలి తగులుతుంది.

విషయంలోకి వెళ్ళే ముందు మీకో పని చెబుతాను. రేపు సాయంత్రం పిల్లలు బడి నుంచి రాగానే బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి చూడండి. పొద్దున్న మీరు నింపి పంపిన సీసా. అందులో సగానికి పైగా నీళ్ళు అలాగే ఉంటే పిల్లని తిట్టకండి. "ఎందుకు తాగలేదు?" అని గద్దించకండి. పక్కన కూర్చోబెట్టుకుని, "బళ్ళో బాత్‌రూమ్‌కి వెళ్ళావా ఇవాళ?" అని మెల్లిగా అడగండి. చాలామంది పిల్లలు నీళ్ళు తాగకపోవడానికి కారణం దాహం లేకపోవడం కాదు. తాగితే పాస్ వస్తుంది, వస్తే అడగాలి, అడిగితే టీచర్ ఏమంటారో తెలీదు. ఒకవేళ పంపినా అక్కడ గడియ ఉండదు, నీళ్ళుండవు. ఇదంతా ఏడేళ్ళ పిల్ల తనకి తానే లెక్క వేసుకుని, నీళ్ళు మానేస్తుంది. మన విశాఖలాంటి ఊళ్ళో, సముద్రం గాలికి ఒళ్ళంతా చెమటతో తడిసిపోయే చోట, పిల్లలు నీళ్ళు మానేసి కూర్చోవడమంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

నేను ఈ మాట పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నా తప్పు దగ్గర మొదలుపెట్టి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల సంగతి. ఆరో తరగతి. స్లిప్ టెస్ట్ పెట్టాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి చిటికెన వేలు ఎత్తింది. "టెస్ట్ అయ్యాక వెళ్దువుగాని" అన్నాను. కాసేపటికి మళ్ళీ ఎత్తింది. "ఇంటర్వెల్‌లో ఏం చేశావ్?" అన్నాను. క్లాసంతా నవ్వింది. మూడోసారి వేలు ఎత్తలేదు. బెల్లు కొట్టారు, పిల్లలందరూ లేచి వెళ్ళారు, ఆ పిల్ల మాత్రం లేవలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే బెంచీ కింద తడి. తన నోటు పుస్తకం చింపి, ఆ కాగితాలతో కాలితో నేల తుడుస్తోంది. తల ఎత్తలేదు. ఏడవను కూడా లేదు.

మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు నేను వాళ్ళింటికి వెళ్ళాను. కంచరపాలెంలో రెండు గదుల ఇల్లు. వాళ్ళమ్మ నన్ను చూసి కంగారుపడి, కుర్చీ వేసి, చేతులు జోడించింది. "పిల్లది తప్పు చేసిందమ్మా, మీ క్లాసు పాడుచేసింది, ఈసారికి క్షమించండి" అంది. తప్పు చేసింది నేను. క్షమాపణ అడుగుతోంది ఆవిడ. ఆ రోజు నాకు నోట మాట రాలేదు. ఆ తరవాత నా సర్వీసంతా ఏ క్లాసులోనూ, ఏ పరీక్షలోనూ ఒక్క పిల్లకి కూడా "తరవాత వెళ్ళు" అని చెప్పలేదు. చెప్పకుండా క్లాసు నడపొచ్చా? నడపొచ్చు. ఎలాగో తరవాత చెబుతాను.

ముందు ఒంటి సంగతి చూద్దాం. నేను బయాలజీ టీచర్ని కాబట్టి అది చెప్పందే నా మనసు ఊరుకోదు.

మూత్రాశయం ఒక సంచి. పెద్దవాళ్ళకి అందులో నాలుగైదు వందల మిల్లీలీటర్లు పడతాయి. పిల్లలకి ఎంత పడుతుందో డాక్టర్లు ఒక సులువైన లెక్కతో అంచనా వేస్తారు. పిల్ల వయసుకి రెండు కలిపి ముప్పైతో గుణించాలి. ఆరేళ్ళ పిల్లకి ఆరూ రెండూ ఎనిమిది, ఎనిమిది ముప్పైలు 240 మిల్లీలీటర్లు. అంటే మన సంచిలో సుమారు సగం. మనం మూడు నాలుగు గంటలు ఉండగలిగినట్టు ఆ పిల్ల ఉండలేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు రోజుకి ఐదు నుంచి ఏడు సార్లు వెళ్తారు. అంటే మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకోసారి.

ఇంకో సంగతి. మనకి నెమ్మదిగా తెలుస్తుంది, ఇంకో అరగంట ఆగొచ్చని అంచనా ఉంటుంది. చిన్నపిల్లలకి ఆ అంచనా ఇంకా రాదు. ఆటలోనో, పాఠంలోనో పడి గమనించరు. గమనించేసరికి అది అర్జెంటు. అందుకే "ఇంటర్వెల్‌లో ఏం చేశావ్?" అన్న ప్రశ్న అన్యాయం. ఇంటర్వెల్‌లో రాలేదు, ఇప్పుడు వచ్చింది. అంతే. బెల్లు కొట్టినప్పుడు రావాలని ఒంటికి ఎవరు నేర్పగలరు?

ఇక ఆపుకుంటే లోపల ఏమవుతుందో చూడండి. సంచి మూతి దగ్గర రెండు కండరాలు గడియల్లాగా ఉంటాయి. లోపలిది మన చేతిలో లేదు, బయటిది మన చేతిలో ఉంది. సంచి నిండి ఖాళీ చేద్దామని బిగుసుకుంటుంది. పిల్ల భయంతో బయటి గడియ గట్టిగా బిగిస్తుంది. ఎప్పుడో ఒకసారైతే ఫర్వాలేదు. రోజూ అదే పని అయితే ఆ కండరానికి బిగించడమే అలవాటైపోతుంది, వదలాల్సినప్పుడు కూడా పూర్తిగా వదలదు. వెళ్ళొచ్చాక కూడా లోపల కొంచెం మిగిలిపోతుంది. నిలవ నీటిలో పాచి పట్టినట్టు, ఆ మిగిలిన మూత్రంలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఎక్కువగా ఈ.కోలై అనే బ్యాక్టీరియా. అది మన పేగుల్లోనే ఉంటుంది, అక్కడ ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. ఆడపిల్లలకి మూత్రనాళం పొట్టిగా ఉంటుంది కాబట్టి లోపలికి త్వరగా చేరుతుంది. అందుకే యూరిన్ ఇన్ఫెక్షన్లు వాళ్ళకి ఎక్కువ.

రెండోది కూడా చెప్పాలి. సిగ్గు పడాల్సిన పని లేదు. మగపిల్లలు ఒకటికి ఎలాగో వెళ్తారు కానీ, రెండుకి బడిలో వెళ్ళే పిల్లలు బహు తక్కువ. పొద్దున్న ఏడింటికే ఆటో వచ్చేస్తుంది. ఇంట్లో వెళ్ళే టైము ఉండదు. బడిలో వెళ్ళరు. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు నీటిని పీల్చేసుకుంటుంది, మలం గట్టిపడుతుంది. గట్టిపడితే నొప్పి. నొప్పికి భయపడి ఇంకా ఆపుకుంటారు. పేరుకుపోయిన మలం పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. అప్పుడు పిల్ల మాటిమాటికీ పాస్‌కి పరిగెత్తుతుంది. లేదంటే ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. "పదేళ్ళొచ్చాయి, ఇంకా పక్క తడుపుతున్నావా" అని కొడతాం. అసలు కారణం మలబద్ధకం అని మనకి తట్టదు.

మన ఆయుర్వేదంలో దీనికి ఒక పేరే ఉంది, వేగధారణ. ఒంటికి వచ్చే సహజమైన వేగాలని బలవంతంగా ఆపుకోవడం. ఆపకూడని వేగాలని 13 లెక్కపెట్టారు. ఆకలి, దప్పిక, నిద్ర, తుమ్ము, కన్నీళ్ళు కూడా అందులో ఉన్నాయి. మూత్రం, మలం సరేసరి. ఎన్నో వందల ఏళ్ళ కిందట వైద్యులు గుర్తించిన సంగతి ఇది. మన టైంటేబుల్‌కి మాత్రం ఇంకా ఎక్కలేదు.

ఇక్కడ అమ్మలకి, అమ్మమ్మలకి ఒక మాట. పిల్ల "మంటగా ఉంది" అంటే మనింట్లో మొదట వచ్చే మాట ఏమిటి? (సభలోంచి: "వేడి చేసింది".) అదే. వేడి చేసింది. సబ్జా గింజలు నానబెడతాం, బార్లీ కాస్తాం, మజ్జిగ పోస్తాం, కొబ్బరి బోండం కొట్టిస్తాం. అవి చెడ్డవని నేను అనను. నీళ్ళు ఒంట్లోకి వెళ్తాయి, మంచిదే. కానీ ఇన్ఫెక్షన్ ఉంటే అవి చాలవు. రెండు రోజులు మంట తగ్గినట్టుంటుంది, మళ్ళీ వస్తుంది. పిల్లకి మూత్రంలో మంట, కొంచెం కొంచెంగా మాటిమాటికీ రావడం, పొత్తికడుపు నొప్పి, చెడు వాసన, జలుబూ దగ్గూ లేకుండా జ్వరం, వాంతులు, ఇలాంటివి ఏవి కనిపించినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. యూరిన్ టెస్ట్, అవసరమైతే కల్చర్, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష చేయిస్తారు. మందుల షాపులో అడిగి యాంటీబయోటిక్ వేసేసి, తరవాత టెస్టుకి వెళ్తే కల్చర్‌లో ఏమీ దొరకకపోవచ్చు. డాక్టర్ ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులూ వాడాలి. జ్వరంతో వచ్చే ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తే కిడ్నీల మీద మచ్చలు పడే ప్రమాదం ఉంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని ఇంటికి వెళ్ళినా నేను వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

ఇప్పుడు బడికి వద్దాం. కొందరు అంటారు, "మేడం, ఇప్పుడు అన్ని బడుల్లోనూ టాయిలెట్లు కట్టేశారు కదా" అని. నిజమే, చాలా కట్టారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లలకి, మగపిల్లలకి వేరు వేరు మరుగుదొడ్లు ఉండాలని అందులో రాశారు. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ ఆరు నెలల గడువు పెట్టి టాయిలెట్లు ఏర్పాటు చేయమంది. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధానమంత్రి ప్రతి బడిలోనూ టాయిలెట్లు ఉండాలని చెప్పారు, ఆ తరవాత ఏడాదిలో దేశమంతా నాలుగు లక్షల పైచిలుకు కట్టామని లెక్క చూపించారు. మన రాష్ట్రంలో 2019 నవంబరు 14న ప్రభుత్వ బడులని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది. మొదటి విడతలో 15,715 బడులు తీసుకున్నారు, నీళ్ళు వచ్చే టాయిలెట్లని పనుల జాబితాలో ముందు వరసలో పెట్టారు. ఇవన్నీ ఒప్పుకోవాలి. నేను చేరిన రోజుల్లో ఆడపిల్లలు బడి వెనక తుప్పల్లోకి వెళ్ళేవారు, ఒకళ్ళు చున్నీ అడ్డం పెడితే ఒకళ్ళు కూర్చునేవారు. ఆ రోజులు పోయాయి.

కానీ గోడలు కడితే సరిపోదు. 2020లో కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ, నివేదిక వచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థలు బడుల్లో కట్టిన టాయిలెట్లలో కొన్నింటిని వాళ్ళు స్వయంగా వెళ్ళి చూశారు. చూసినవాటిలో 72 శాతం టాయిలెట్ల లోపల కుళాయి నీళ్ళు లేవు. సుమారు 30 శాతం వాడకంలోనే లేవు. కట్టడం ఒకసారి చేసే పని, కడగడం రోజూ చేసే పని. రోజూ చేసే పనికి మనిషి కావాలి, డబ్బు కావాలి. మన రాష్ట్రంలో 2021లో, పిల్లలని బడికి పంపే తల్లులకి ఇచ్చిన అమ్మ ఒడి డబ్బులో వెయ్యి రూపాయలు టాయిలెట్ల నిర్వహణ నిధికి తీశారు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నిధి నుంచి ఆయమ్మలకి నెలకి ఆరు వేలు ఇచ్చేవారు. ఎండాకాలం మోటారు పాడైతే బిందెలతో నీళ్ళు మోసి కడిగిన ఆయమ్మలని నేను చూశాను. పిల్లలు టాయిలెట్‌కి ధైర్యంగా వెళ్తున్నారంటే అందులో మొదటి పుణ్యం ఆవిడది. ఆవిడకి గ్లౌజులు, బూట్లు, ఫినాయిల్, నెల నెలా జీతం అందుతున్నాయో లేదో తల్లిదండ్రుల కమిటీలో అడగండి. అది మీ హక్కు. ఆ నిధిలోకి మీ వెయ్యి రూపాయలు కూడా వెళ్ళాయి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. టీచర్లు కూడా ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నలభై మందికి ఒక టాయిలెట్ చొప్పున ఉంటే మంచిదని స్వచ్ఛ విద్యాలయ అనే కేంద్ర కార్యక్రమం ప్రమాణం. సరే, ఆ ప్రమాణం ప్రకారం అంతా సక్రమంగా ఉన్న బడినే తీసుకుందాం. ఆడపిల్లలు 240 మంది. టాయిలెట్లు ఆరు. ఆరూ శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళు వస్తున్నాయి, గడియలు పడుతున్నాయి. ఇంటర్వెల్ పదిహేను నిమిషాలు. ఒక్కో పిల్లకి లోపలికెళ్ళి, గడియ పెట్టి, చుడీదారు బొందు విప్పి, పని అయ్యాక నీళ్ళు పోసి, బొందు కట్టుకుని బయటికి రావడానికి రెండు నిమిషాల కన్నా తక్కువ పడుతుందా? పట్టదు. ఆరు టాయిలెట్లు, పదిహేను నిమిషాలు, మొత్తం తొంభై నిమిషాలు. మనిషికి రెండు చొప్పున నలభై ఐదు మంది. 240 మందిలో నలభై ఐదు మంది! మిగతా నూట తొంభై ఐదు మంది వరసలో ఉండగానే బెల్లు కొడతారు. వాళ్ళు వెనక్కి వచ్చి కూర్చుంటారు. ఇరవై నిమిషాలకి ఒక పిల్ల వేలు ఎత్తితే మనం అడుగుతాం, "ఇంటర్వెల్‌లో ఏం చేశావ్?"

వరసలో నిలబడింది మేడం. ఇంకేం చేస్తుంది?

నేను ఈ లెక్క మొదటిసారి బోర్డు మీద వేసుకున్న రోజు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నలభై మందికి ఒకటి అన్న లెక్క, పిల్లలు రోజంతా ఎప్పుడు అవసరమైతే అప్పుడు వెళ్తుంటేనే చాలుతుంది. అందరినీ ఒకే పావుగంటలోకి తోస్తే ఎన్ని కట్టినా చాలదు. కాబట్టి టాయిలెట్లు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, క్లాసు మధ్యలో పంపుతారా లేదా అన్న ప్రశ్న అంతే ముఖ్యం. ఇంకా చెప్పాలంటే రెండోదే ముఖ్యం. దానికి పైసా ఖర్చు లేదు.

కేరళలో 2019లో బడుల్లో వాటర్ బెల్ మొదలుపెట్టారు. బెల్లు కొట్టగానే పిల్లలందరూ నీళ్ళు తాగాలి. మన రాష్ట్రంలో కూడా 2025 ఎండల్లో వాటర్ బెల్ కొట్టమన్నారు. చాలా మంచి పని. కానీ నీళ్ళు తాగమని బెల్లు కొట్టి, ఆ నీళ్ళు బయటికి పోవడానికి పర్మిషన్ ఇవ్వకపోతే ఎలా? వాటర్ బెల్ కొట్టిన తరవాతి అరగంట, పిల్లలు అడగక్కర్లేకుండా వెళ్ళి రావచ్చని కూడా చెప్పాలి.

టీచర్ల ఇబ్బంది నాకు తెలీదనుకోకండి. నేనూ మీలో ఒకదాన్నే. క్లాసులో యాభై అరవై మంది. ఒకడు అడిగితే వెంటనే పదిమంది వేళ్ళు లేస్తాయి. కొందరు నిజంగానే పాఠం ఎగ్గొట్టడానికి అడుగుతారు. బయటికి వెళ్ళిన పిల్ల జారిపడితే, గేటు దాటితే, మాట పడేది మనమే. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. లేడీ టీచర్లు కూడా పొద్దున్న తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం దాకా ఆపుకుంటారు. వరసగా పీరియడ్లు, మధ్యలో వదిలి వెళ్ళలేరు. మనమే ఆపుకోవడానికి అలవాటు పడిపోయాం కాబట్టి పిల్లలని కూడా ఆపుకోమంటున్నాం. ఇది నేను కోపంతో అనడం లేదు. నొచ్చుకునే అంటున్నాను. మన ఒంటికి జరుగుతున్న అన్యాయం పిల్లల ఒంటికి కూడా జరగనివ్వొద్దు.

మరి ఎలా నడిపాను? ఇదిగో, తెచ్చాను. (రెండు చెక్క బిళ్ళలు పైకెత్తి చూపించారు.) ఒకటి ఎర్ర రంగు, ఒకటి పచ్చ రంగు. మా స్కూల్ దగ్గర వడ్రంగి మిగిలిన చెక్కలోంచి కోసి ఇచ్చాడు. పైన కన్నం, దారం. క్లాసు తలుపు పక్కన రెండు మేకులు. వెళ్ళాలనుకున్న పిల్ల లేచి, బిళ్ళ తీసుకుని వెళ్తుంది, వచ్చి మళ్ళీ తగిలిస్తుంది. నన్ను అడగక్కర్లేదు. వేలు చూపించక్కర్లేదు. నలుగురిలో చెప్పుకోనక్కర్లేదు. మేకుకి బిళ్ళ లేకపోతే ఎవరో వెళ్ళారని అర్థం, వచ్చేదాకా ఆగాలి. మరీ అర్జెంటు అయితే ఆగక్కర్లేదు, వెళ్ళిపోవాలి.

మొదటి వారం గోల గోల. బిళ్ళ చేతిలో పట్టుకోవడమే ఒక సరదా, అవసరం లేనివాళ్ళు కూడా వెళ్ళారు. తోటి టీచర్లు నవ్వారు. నేను మాత్రం ఏమీ అనలేదు. రెండో వారానికి సరదా తీరింది. నెలయ్యేసరికి ఒక్కో పీరియడ్‌లో ముగ్గురో నలుగురో. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చని తెలిశాక టెన్షన్ పోతుంది, టెన్షన్ పోతే మాటిమాటికీ వెళ్ళాలనిపించదు. ఒకప్పుడు అడిగితే వద్దంటారన్న భయంతో ముందుజాగ్రత్తగా వెళ్ళిన పిల్లలే ఎక్కువ అని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ బిళ్ళ వల్ల ఇంకో మేలు జరిగింది. ఒక కుర్రాడు ఏడో తరగతిలో రోజుకి ఏడెనిమిది సార్లు వెళ్తున్నాడు. సీసా నీళ్ళు గంటలో తాగేసి పక్కవాడి సీసా కూడా తాగుతున్నాడు. మనిషి సన్నబడిపోయాడు. పాత పద్ధతిలో అయితే వాడికి "ఎగ్గొట్టే వెధవ" అని పేరు పెట్టి బయట నిలబెట్టేవాళ్ళం. నేను వాళ్ళ నాన్నగారిని పిలిపించి, ఒకసారి షుగర్ చూపించండి అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు, పిల్లలకి షుగరేమిటని. టెస్టులో షుగర్ చాలా ఎక్కువ ఉంది. టైప్ వన్ డయాబెటిస్. పిల్లలకి వచ్చే ఆ షుగర్ ఇన్సులిన్ పడకపోతే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అతి దాహం, అతి మూత్రం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, ఈ మూడూ దాని గుర్తులు. కాబట్టి మాటిమాటికీ వెళ్ళే పిల్లని చూస్తే శిక్ష గుర్తుకు రాకూడదు. డాక్టర్ గుర్తుకు రావాలి.

పెద్ద క్లాసుల ఆడపిల్లల సంగతి. నెలసరి రోజుల్లో ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. బడికి వచ్చి, తిరిగి ఇంటికి చేరేసరికి ఎనిమిది తొమ్మిది గంటలు. 2021 అక్టోబరులో మన రాష్ట్రంలో స్వేచ్ఛ అనే కార్యక్రమం మొదలై, ఏడు నుంచి పన్నెండు తరగతుల అమ్మాయిలకి నెలకి పది ప్యాడ్లు ఇచ్చారు. ప్యాడ్ ఇచ్చాం, మార్చుకునే టైము ఇచ్చామా? మగ టీచర్ క్లాసులో పద్నాలుగేళ్ళ అమ్మాయి లేచి నిలబడి ఏమని అడగాలి? అడగలేక, వెనక మరక పడిందేమోనని పీరియడంతా గోడకి ఆనుకుని కూర్చున్న పిల్లలు నాకు తెలుసు. ఆ రోజుల్లో బడికే రాని పిల్లలు ఇంకా బాగా తెలుసు. బిళ్ళ ఉంటే ఏ మాటా చెప్పక్కర్లేదు. మగ టీచర్లు ఇక్కడున్నారు, మీకు ఒక విన్నపం. ఆడపిల్ల లేచి వెళ్తే ఎందుకని అడగకండి నాయనా. తిరిగి వచ్చాక ఆలస్యమైందని కూడా అడగకండి. లోపల మూత ఉన్న చెత్తబుట్ట, బ్యాగు తగిలించుకోవడానికి ఒక కొక్కెం ఉండేలా మాత్రం చూడండి.

ప్రైవేటు బడుల గురించి ఎక్కువ చెప్పను. నాలుగంతస్తుల భవనాలు, పైన అద్దాలు, కింద ఏసీ రిసెప్షన్. మా బంధువుల పాప చదివిన ఒకచోట ఇంటర్వెల్ తప్ప మిగతా టైములో టాయిలెట్లకి తాళం. శుభ్రంగా ఉంచడానికట! అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు ఫీజు, ర్యాంకులు అడుగుతాం. టాయిలెట్ చూపించమని అడగండి. ఇంటర్వెల్‌లో కాకుండా పదకొండున్నరకి వెళ్ళి చూడండి.

ఇంట్లో మనం చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి బెల్టు, బిగుతైన హుక్కులు ఉన్న యూనిఫాం కుట్టిస్తాం. ఆ చిన్న వేళ్ళకి అవి ఊడవు. విప్పేలోపే అయిపోతుంది. ఎలాస్టిక్ వేయించండి. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్‌కే అలవాటైన పిల్లలు బడిలో నేల మీద కూర్చోలేరు, కింద పడతామని భయం. ఇంకొందరికి అటుది ఇటు, వెస్ట్రన్ కమోడ్ మీద ఎలా కూర్చోవాలో తెలీదు. సెలవుల్లో రెండూ అలవాటు చేయండి. కూర్మన్నపాలెం నుంచి, మధురవాడ నుంచి ఊళ్ళోకి వచ్చే పిల్లలు బస్సులో గంట కూర్చుంటారు. ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్ ఆగితే ఇంకా ఎక్కువ. ఉదయం ఓ ఇరవై నిమిషాలు ముందు లేపితే రెండో పని కూడా ఇంట్లోనే అవుతుంది. తొందర పెట్టకుండా కూర్చోనివ్వండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: "మేడం, మా పాప రెండో తరగతి. వాళ్ళ మిస్ పంపడం లేదు. నేను వెళ్ళి అడిగితే పాప మీద కోపం పెట్టుకుంటారేమోనని భయంగా ఉంది.")

ఈ భయం నిజమైనదే తల్లీ. అందుకే పోట్లాటకి వెళ్ళొద్దు. పొద్దున్న గేటు దగ్గర, నలుగురి ముందు అడగొద్దు. సాయంత్రం ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళండి. "మా పాప నీళ్ళు తాగడం మానేసింది మిస్, మంటగా ఉందంటోంది, మధ్యలో పంపితే మేలు చేసినవారవుతారు" అని చెప్పండి. డైరీలో కూడా రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టండి. డాక్టర్‌కి చూపించి ఉంటే ఆ చీటీ జెరాక్స్ జత చేయండి. వారం చూడండి. మారకపోతే హెడ్మాస్టర్ దగ్గరికి ఒక్కరే కాకుండా మరో ముగ్గురు తల్లులతో కలిసి వెళ్ళండి. అప్పుడు అది మీ పాప విషయం కాదు, క్లాసు విషయం అవుతుంది, కోపం ఒక్క పిల్ల మీద పడదు. అక్కడా వినకపోతే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ గుర్తు చేయండి. పిల్లలని శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు అని అందులో ఉంది. పదిమందిలో పిల్ల బట్టలు తడిపేసుకునేదాకా కూర్చోబెట్టడం వేధింపు కాకపోతే ఇంకేమిటి? ఎంఈఓ గారికి, అంటే మండల విద్యాధికారికి, కాగితం మీద రాసి ఇవ్వొచ్చు. అంతదాకా సాధారణంగా రాదు. చాలామంది టీచర్లు చెడ్డవాళ్ళు కాదమ్మా, ఆనాడు నేనూ చెడ్డదాన్ని కాదు కదా. ఎవరో ఒకరు చెప్పాలి, అంతే.

(వెనక నుంచి ఒక యువ టీచర్: "మేడం, మా హెడ్మాస్టర్ బిళ్ళలకి ఒప్పుకోరేమో.")

మీ ఒక్క క్లాసుకి అడగండి. ఒక్క నెలకి అడగండి. నెలాఖరున ఎంతమంది వెళ్ళారో, ఎన్ని నిమిషాల్లో వచ్చారో ఒక నోటు పుస్తకంలో రాసి ఆయనకి చూపించండి. లెక్క చూస్తే ఆయనే పక్క క్లాసుకి కూడా పెట్టమంటారు, నా విషయంలో అదే జరిగింది. దగ్గరికి రా అమ్మా. ఇవి నావి, ఎర్రది దారం కొంచెం పాతబడింది, మార్చుకో. మిగతావాళ్ళకి కొలతలు ఈ కాగితం మీద రాసి పెట్టాను, కావలసినవాళ్ళు ఫోనులో ఫోటో తీసుకోండి.